బతికున్న మనిషి బొమ్మకు దండ

పోయిన వారం మధుమితను మనం హోసూరులో, బాగలూరు రోడ్డులోని ఫ్లెక్స్ దుకాణం మేడ మీద, నోట మాట రాని స్థితిలో వదిలేసి వచ్చాం. పాపం, ఇంకా అలాగే కూర్చుని ఉంది. ఎదురుగా గడపలో శశికళ నిలబడి ఉంది. అంచెట్టి కొండపల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చిన మనిషి. వస్తూనే ఆమె అడిగిన మాట మీకు గుర్తుండే ఉంటుంది. "నువ్వేనా మా ఆయనకు దండ వేయించినదానివి?"

ఆ ఆయన, అంటే తిమ్మరాయప్ప, బతికే ఉన్నాడు. కృష్ణగిరి ఆస్పత్రిలో మంచం మీద ఉన్నాడు.

ఈ వారమే మన కథలోకి అడుగుపెట్టినవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం. మధుమిత పని బొమ్మలు గీయడం. పోయిన పెద్దల ఫోటో సరైనది లేనివాళ్ళు ఆమె దగ్గరికి వస్తారు. చెదలు తిన్న ముక్కో, గుర్తింపు కార్డు మీది మసక ముఖమో ఏదో ఒకటి ఇస్తే, దాని ఆధారంగా కంప్యూటర్‌లో నిండు పటం తయారు చేసి ఇస్తుంది. అలా వచ్చినవాళ్ళలో పాపక్క ఒకరు. ఆమె మొగుడు ముత్తప్ప పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఎవరిదో పెళ్ళి ఫోటోలో, వెనక వరసలో, తలపాగా, ఒక చెంప తప్ప ఆ మనిషి ఆనవాలు ఎక్కడా లేదు. ప్రతి ఏడూ పెద్దల పండగకు అందరి ఇళ్ళలో పటాలకు దండలు పడుతుంటే, పాపక్క మాత్రం ఇత్తడి చెంబుకు పసుపు రాసి, దానికి దండ వేసి, దాని ముందు కొత్త పంచె పెట్టేది. ఈ ఏడు చెంబు వద్దనుకుంది. ముఖం కావాలనుకుంది.

మధుమిత ముఖం చేసి ఇచ్చింది. చర్మానికి, కళ్ళకు ముత్తప్ప సొంత తమ్ముడు తిమ్మరాయప్ప ఫోటో వాడింది. ఒక తల్లి బిడ్డలు కదా, పోలికలు ఉంటాయి కదా అనుకుంది. అంతకు మించి ఆలోచించలేదు. పండగ రోజు అన్న పటం ముందు విస్తరి వేసుకుని కూర్చున్న తిమ్మరాయప్ప తలెత్తి చూశాడు. దండ కింద నుంచి, కుంకుమ బొట్టు కింద నుంచి, తన కళ్ళు తననే చూస్తున్నాయి. నోట్లోని ముద్ద దిగలేదు.

హోసూరులో ఫ్లెక్స్ వేసే ఎవరినైనా అడగండి, ఒక పద్ధతి చెబుతారు. పోయినవాళ్ళు పైన, దీపం పక్కన. ఉన్నవాళ్ళు కింద, చేతులు జోడించుకుని. ఈ రెండూ కలిపితే ఆ ఫ్లెక్స్ వేసినవాడి వీపు విమానం మోత మోగుతుంది. మధుమితకు ఇది తెలియక కాదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఒకరి ఫోటో పెట్టాల్సిన చోట ఇంకొకరిది పెట్టలేదు. కానీ ఆమె దృష్టిలో ఫోటో వేరు, ఫోటోలోంచి తీసుకున్న కళ్ళు వేరు. చీర అంచు నమూనా తీసుకున్నట్టు, గోడ రంగు తీసుకున్నట్టు తీసుకుంది. కళ్ళు కూడా మనిషేనన్న సంగతి ఆమెకు తట్టలేదు.

"కూర్చోండి అక్కా," అంది చివరికి.

"కూర్చునేదానికి రాలేదు నేను," అంది శశికళ. గొంతు గట్టిగా లేదు. గట్టిగా ఉంటే మధుమితకు ఇంకొంచెం తేలికగా ఉండేది. "పండగ దినం నుంచి ఆయన అన్నం ముట్టలేదు. బలవంతంగా పెడితే కక్కేస్తా ఉండాడు. డాక్టర్లు అన్నీ చూసినారు. గుండె బాగుండాది, కడుపు బాగుండాది అంటారు. బాగుండే మనిషి ఎందుకు తినడంలేదో మాత్రం వాళ్ళకూ తెలీదు."

"నేను వచ్చి మాట్లాడతా అక్కా. ఇది ఉత్త బొమ్మని, కంప్యూటర్‌లో చేసిందని..."

"ఏమని మాట్లాడతావు? 'నాకు దండ వేసేసినారు, ఇంక నేను ఈడ ఉండి ఏం చేసేది' అంటాడు. నిన్న సెలైను సూది కూడా పీకేసినాడు. ఒకటే మాట ఆయప్పది. ఆ పటంలోంచి నా కండ్లు తీసేయండి, అప్పుడు తింటాను అంటాడు." శశికళ కొంగుతో ముఖం తుడుచుకుంది. "తీసెయ్యమ్మా. నీకు పుణ్యం ఉంటుంది. తీసేసింది సెల్లులో చూపిస్తాను. మధ్యాన్నం బస్సుకు నేను కృష్ణగిరికి పోవల్ల."

మధుమితకు ప్రాణం లేచి వచ్చింది. తీసేయడమే కదా! ఇన్ని రోజులుగా ఆమెను ఎవరూ ఇంత చిన్న పని అడగలేదు. మౌసు అందుకుంది. ఫైలు తెరిచింది. తెర నిండా ఆ పటం వచ్చి నిలబడగానే శశికళ ముఖం పక్కకు తిప్పుకుంది.

"భయపడొద్దక్కా, ఇటు చూడండి," అంది మధుమిత. తన పని గురించి మాట్లాడేటప్పుడు ఆ పిల్లకు ఎక్కడ లేని ధైర్యం వస్తుంది. "దీంట్లో రెండు పనులు ఉండాయి. గీత పని వేరే, రంగు పని వేరే. మనం ముగ్గు వేసేటప్పుడు ముందర గీత గీసి, తర్వాత కదా రంగు పోస్తాం? అట్లనే ఇది. గీత మొత్తం కోరల్ అనే ప్రోగ్రాంలో గీసినాను. ఆ గీతను గోరంత చేసినా, గోడంత చేసినా చెదరదు. దాన్ని తెచ్చి ఫొటోషాప్‌లో పెట్టి చర్మము, వెలుతురు, కండ్లలో తడి అన్నీ పైన పైన పొరలుగా వేసినాను. మీ ఆయన ఫోటో వాడింది ఆ పైపొరల్లోనే. గీతలో మీ ఆయన లేడు."

"లేడా?"

"లేడక్కా. కావాలంటే చూడండి."

ఒక్కో పొరనూ మాయం చేయడం మొదలుపెట్టింది. ముందు కంటిలోని తడి పోయింది. తర్వాత కంటిపాప పోయింది. నుదుటి మీది వెలుతురు, చెంపల మీది ముడతలు, ఎండకు మాడిన చర్మం ఒకటి తర్వాత ఒకటి పోయాయి. నిండు మనిషి కాస్తా చూస్తుండగానే పలచబడ్డాడు. శశికళ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఆఖరి పొర కూడా పోయాక తెల్లటి తెర మీద నల్లటి గీతలు మాత్రం మిగిలాయి. నుదురు, కనుబొమ్మలు, ముక్కు, మీసం, చెవులు. కళ్ళ చోట రెండు ఖాళీ గుంతలు.

"ఇదీ మీ బావ," అంది మధుమిత. "ముత్తప్ప తాత. దీంట్లో మీ ఆయనది అనేది ఏమీ లేదు. ఇప్పుడు దీని మీద వేరే కండ్లు పెట్టి రంగులు వేసేస్తాను. మీరు బస్సుకు పోయే లోపల అయిపోతుంది."

శశికళ తెర దగ్గరికి వచ్చి వంగింది. చాలాసేపు చూసింది. తర్వాత ఎడమ కనుబొమ్మ మీద వేలు పెట్టింది. అక్కడ గీత కొంచెం తెగి, మళ్ళీ మొదలవుతుంది.

"ఇది ఎవరు పెట్టమనింది?"

"పాపక్క అవ్వే. ఇక్కడ రొంత తెగినట్ల పెట్టు పాపా, అప్పుడే ఆయప్ప మాదిరి ఉంటాడు అనింది."

"కెలమంగలం సంతలో పొట్టేలు కుమ్మితే తెగింది ఇది. మా పెండ్లికి ముందర. కుమ్మింది మా ఆయనను. మా బావకు అట్లాంటి దెబ్బ యాడా తగల్లేదు." శశికళ వేలు మెల్లగా ముక్కు మీదికి, దవడ మీదికి దిగింది. "ఈ ముక్కు మా ఆయనది. ఈ దవడ మా ఆయనది. రంగు తీసేసినా ఆయనే ఉండాడు. నువ్వేమో గీతలో లేడంటావు! గీతంతా ఆయనే కదమ్మా!"

మధుమిత తెర వైపు చూసింది. పక్కనే ఇంకో విండోలో తిమ్మరాయప్ప ఫోటో తెరిచి పెట్టి చూసింది. మళ్ళీ గీతల వైపు చూసింది. ఒకసారి చూశాక ఇక చూడకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు.

పాపక్క ఈ గదిలోనే, ఇదే స్టూలు మీద కూర్చుని ఆ ముఖం గీయించింది. మసక ఫోటోలో దొరికింది ఒక్క చెంపే. తక్కినదంతా ఆమె నోటి మాటే. కళ్ళు మూసుకునేది, కాసేపు ఊరుకునేది, తర్వాత చెప్పేది. ముక్కు రొంత సన్నం చెయ్యి. దవడ లోపలికి పోనీ. ఇంత లావు మీసం కాదు పాపా, తగ్గించు. ఆమె చెప్పినకొద్దీ మధుమిత గీత మీది చుక్కలు పట్టుకుని జరుపుతూ పోయింది. ఇన్నేళ్ళయినా మొగుడిని ఇంత బాగా గుర్తు పెట్టుకుందే అని మురిసిపోయింది కూడా. పాపక్క చెప్పిన ఒక్కో మాటకూ ముత్తప్ప దూరమవుతూ, తిమ్మరాయప్ప దగ్గరవుతూ వచ్చాడని అప్పుడు ఎవరికి తెలుసు?

కళ్ళు తప్పయితే కళ్ళు మార్చవచ్చు. చర్మం తప్పయితే చర్మం మార్చవచ్చు. గీతే తప్పయితే ఏం చేయాలి? వెనక్కి పోదామంటే పోయే చోటు లేదు. కంప్యూటర్‌లో ఎంత వెనక్కి పోయినా మధుమిత మొదట గీసిన గీతే వస్తుంది తప్ప ముత్తప్ప రాడు. పాపక్క కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ చెప్పిన సంగతి శశికళకు చెప్పేసింది.

"ఒక మాట చెప్పు," అంది శశికళ. ఆమె గొంతు మారిపోయింది. "నా మొగుని ముఖం ఆయమ్మ కండ్లు మూసుకుంటే ఎందుకు కనిపిస్తా ఉండాది?"

మధుమితకు భూమి రెండుగా చీలి తనను లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది. మేడ మీద ఉన్నవాళ్ళకు ఆ సౌకర్యం కూడా లేదు.

అప్పుడే మెట్ల కింద నుంచి దుకాణం యజమాని హేమంత్ కేక వేశాడు. "మధూ, అంచెట్టి అవ్వ వచ్చిండాది! పైకి వస్తా ఉండాది, చూసుకో!"

పాపక్క మెట్లు ఎక్కి వచ్చేసరికి ఆయాసపడుతోంది. కొత్త తువ్వాలులో చుట్టిన పటం రొమ్ముకు హత్తుకుని ఉంది. పొద్దున శశికళ తన ఇంటికి వచ్చి ఆ పటం ఇమ్మని అడిగితే, తలుపు గడియ వేసుకుని ఇవ్వనని చెప్పిన మనిషి ఈమే. ఇప్పుడు తనంతట తనే వెనక బస్సు పట్టుకుని వచ్చింది. లోపలికి వచ్చి ముందు శశికళను చూసింది. తర్వాత తెర మీది గీతలు చూసింది.

"కండ్లు తీసేసినావా పాపా?" అంది.

"అక్కా, నా తట్టు చూడు," అంది శశికళ. "ఆ తెగిన కనుబొమ్మ ఎవరిది?"

పాపక్క తప్పించుకోలేదు. "తిమ్మరాయునిది."

"తెలిసే చెప్పినావా?"

"చెప్పేటప్పుడు తెలీదు. పటం ఇంటికి తీసుకుపోయి గోడకు పెట్టినాక తెలిసింది."

"తెలిసినాక దండ ఎట్ల వేసినావక్కా? ఆయన నీ మరిది కదా! నిన్ను వదినా వదినా అని తిరిగేవాడు కదా! నీ చేత్తో ఎట్ల వేసినావు?"

"వేయక ఏం చేసేది? మళ్ళీ చెంబుకు వేసేదా?" పాపక్క గొంతు ఒక్కసారిగా పైకి లేచి, అంతలోనే పడిపోయింది. పటం పట్టుకుని స్టూలు మీద కూలబడింది. "నీ మనసులో ఏముండాదో నాకు తెలుసు శశీ. అట్లాంటిది ఏమీ లేదు. ఉండుంటే ఇంత బాధ లేదు నాకు. ఆయప్ప ముఖం నాకు గ్యాపకం లేదు. అంతే."

తువ్వాలు కొస వేలికి చుట్టుకుంది.

"చేతులు గ్యాపకం ఉండాయి," అంది పాపక్క. "నడిచేది గ్యాపకం ఉండాది. గొర్రెలను అదిలించే గొంతు ఇప్పుడు కూడా చెవిలో ఉండాది. ముఖం లేదు. ఎప్పుడు పోయిందో తెలీదు. ఒక దినం తలుచుకుందామంటే లేదు. ఎవరికి చెప్పేది? మొగుని ముఖం మర్చిపోయినానని ఏ ఆడది చెప్పుకుంటుంది? ఈ పాప ముక్కు ఎట్ల ఉంటుందవ్వా అంటుంది, చెవి ఎట్ల ఉంటుందవ్వా అంటుంది. ఏదో ఒకటి చెప్పల్ల కదా. కండ్లు మూసుకుంటే, దినమూ వాకిట్లో తిరిగే ముఖమే వచ్చింది. అదే చెప్పినాను. అది ఆయప్పే అనుకుని చెప్పినాను."

శశికళ కోపం ఎటు పోయిందో మధుమితకు తెలియలేదు. పోయిన కోపం చోట ఇంకేదైనా వస్తే బాగుండేది. ఏమీ రాలేదు. ఇద్దరు తోడికోడళ్ళూ ఒకరినొకరు చూసుకోకుండా ఉండిపోయారు. మధుమితకు ఏడుపు వస్తోంది. తన వల్ల జరిగిన దానికి తనే ఏడిస్తే చూడటానికి బాగుండదని ఆపుకుంటోంది.

పాపక్కే ముందు తేరుకుంది. తువ్వాలు విప్పి పటం బయటికి తీసింది. దండ తీసేసింది గానీ కుంకుమ బొట్టు అద్దం మీద అలాగే ఉంది. "తీసుకుపో శశీ. నాకు వద్దు. కాల్చెయ్యి."

శశికళ రెండడుగులు వెనక్కి వేసింది. "ఏం మాట్లాడతా ఉండావక్కా? నా మొగుని ముఖానికి నేను నిప్పు పెట్టేదా?"

"అయితే కావేరిలో వదిలేద్దాం."

"అస్థులు వదిలినట్లనా?"

పాపక్క పటం మళ్ళీ ఒడిలోకి లాక్కుంది. నిజమే మరి. గోడకు పెడితే దండ కోసం పెట్టినట్టు. కాల్చితే కాష్ఠంలో పెట్టినట్టు. నీళ్ళలో వదిలితే అంతా అయిపోయినట్టు. ఇంట్లో ఏ మూల దాచినా అక్కడ తిమ్మరాయప్ప దాక్కుని చూస్తూ ఉంటాడు. అంత చిన్న పటాన్ని ఏం చేయాలో ముగ్గురికీ తోచలేదు.

"కనీసం దీంట్లోనన్నా లేకుండా చేస్తాను," అంటూ మధుమిత కంప్యూటర్ వైపు తిరిగింది. ఫైలు మీద మౌసు పెట్టి, డిలీట్ నొక్కబోయింది.

"వద్దు!" శశికళ అరిచిన అరుపుకు కింద దుకాణంలో మాటలు ఆగిపోయాయి. వచ్చి మధుమిత చెయ్యి పట్టేసుకుంది. "తుడిపేయొద్దమ్మా. ఆడ ఆయన మంచం మీద ఉండాడు. ఈడ నువ్వు తుడిపేస్తే..."

మధుమిత చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంతకు ముందు ఎన్ని వేల ముఖాలు తుడిపేసి ఉంటుందో! ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఇప్పుడు ఆ ఒక్క ఫైలును తాకాలంటే భయం వేస్తోంది. చదువుకున్నాను, ఇలాంటివి నమ్మను అని ఆమె గట్టిగా చెప్పుకోవచ్చు. అన్నం మానేసిన మనిషికి ఆ మాటతో కడుపు నిండదు కదా.

శశికళ సెల్లు మోగింది. కృష్ణగిరి నుంచి, తండ్రి పక్కన కూర్చున్న కొడుకు ముఖేశ్. స్పీకరు నొక్కకపోయినా వాడి గొంతు గదంతా వినిపించింది. "అమ్మా, నాయన అడుగుతా ఉండాడు. కండ్లు తీసినారా అని అడుగుతా ఉండాడు. ఏం చెప్పేది?"

"తీస్తా ఉండారు అని చెప్పు," అంది శశికళ. "తీసినారు అని చెప్పొద్దు. తీస్తా ఉండారు అను." సెల్లు పెట్టేసి మధుమిత ముఖంలోకి చూసింది. ఆ చూపులో ఇప్పుడు కోపం లేదు, ఆశ ఉంది. ఆశను ఎదుర్కోవడం ఇంకా కష్టంగా ఉంది ఆ పిల్లకు.

"ఒకటే దారి ఉండాది," అంది మధుమిత. "ఈ బొమ్మను పారేయకుండా, తుడిపేయకుండా, దీన్నే నిజంగా ముత్తప్ప తాతను చేసేయల్ల. గీత కూడా మార్చేయల్ల. అప్పుడు దీంట్లో మీ ఆయన ఉండడు. తుడిపినట్లు కాదు, ఎవరి ముఖం వాళ్ళకు ఇచ్చేసినట్లు. దానికి తాత ముఖం కావల్ల. శశక్కా, మీరు చూసిండారు కదా. మీరు చెప్పండి, నేను గీస్తాను."

శశికళ తల అడ్డంగా ఊపింది. "నేను యాడ చూసినానమ్మా? ఆయన మా బావ. బావ ఎదురుగా తలెత్తి నిలబడినానా ఎప్పుడన్నా? ఆయప్ప వాకిట్లోకి వస్తే నేను కొంగు లాక్కుని ఇంట్లోకి పోయేదాన్ని. కాళ్ళు చూసినాను. కాళ్ళు అడిగితే చెప్తాను."

ముఖం మర్చిపోయిన పెళ్ళాం ఒకవైపు, ముఖం ఎన్నడూ చూడని మరదలు ఇంకోవైపు. మధ్యలో, ఏ ముఖమైనా గీసివ్వగల మధుమిత చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కింద రోడ్డు మీద కృష్ణగిరి బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. శశికళ దాని వైపు కూడా చూడలేదు.

"ఒక ఫోటో ఉండాది," అంది పాపక్క.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ఆయప్ప ఎండాకాలం తళి ఊరి తట్టు పోయేవాడు, చేన్లలో ఎరువుకు గొర్రెల మంద వేసేదానికి. నెలల తరబడి ఆడనే ఉండేవాడు. ఆడ స్టూడియోలో తీయించుకున్నాడు. మసక కాదు, మంచి ఫోటో. ముఖం నిండా నవ్వుతా ఉండాడంట."

మధుమిత కుర్చీలోంచి లేచి నిలబడింది. "అవ్వా! అది ఉంటే ఇంకేం కావాల? ముందరే ఎందుకు చెప్పలేదు? ఎవరి ఇంట్లో ఉండాది?"

పాపక్క పటం మీది కుంకుమను వేలితో తుడుస్తోంది. ఎంత తుడిచినా ఎర్రగా పాకుతోంది తప్ప పోవడం లేదు.

"బసవమ్మ ఇంట్లో ఉండాది," అంది.

శశికళ ముఖం తెల్లబోయింది. ఆ పేరు ఆమెకు తెలుసు. వాళ్ళ ఇంట్లో ఆ పేరు పైకి ఎత్తకూడదని కూడా తెలుసు. "అక్కా, వద్దు," అంది మెల్లగా.

"నా మరిది అన్నం తినల్ల కదా," అంది పాపక్క. ఆమె శశికళను చూడలేదు. మధుమితనే చూసింది. "నువ్వు పోయి అడుగు పాపా. ఆ వాకిలి నేను తొక్కను. ఆ ఫోటోలో ఆయప్ప పక్కన నిలబడి ఉండేది నేను కాదు. ఆయమ్మ." పెదవి తడుపుకుని అడిగింది. "ఆయమ్మను తీసేసి, ఆయప్పను మాత్రం నాకు తెచ్చిచ్చేదానికి అవుతుందా, నీ కంప్యూటర్‌లో?"